ఉబుంటు 22.04కి మార్చాక అపాచీ కొన్ని రిక్వెస్టులకే సెగ్‌ఫాల్ట్ అవుతోంది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ గొడవేనా?

పట్నంబజార్_అడ్మిన్ (గుంటూరు):

నమస్కారం అండి. మిర్చి కోల్డ్ స్టోరేజీల స్టాకు పోర్టల్ సర్వర్ గురించి అడుగుతున్నా. మెషీన్ విజయవాడ ఆఫీసులో ఉంది. ఉబుంటు 20.04 మీద అపాచీ వెబ్ సర్వర్ 2.4.41 నడిచేది. 20.04కి మామూలు సపోర్టు 2025 మేలో అయిపోవడంతో డు-రిలీజ్-అప్‌గ్రేడ్‌తో 22.04కి తెచ్చాం. ఇప్పుడు అపాచీ 2.4.52, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ; లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌క్రిప్టో దాని ఫైళ్లే) 3.0.2.

పోర్టల్‌లో ఒక ముక్క బయటి వెండర్ ఇచ్చిన అపాచీ మాడ్యూల్. సోర్సు ఇవ్వలేదు, కంపైల్ చేసిన .ఎస్‌ఓ ఫైలు ఒక్కటే. రైతు బాండు (స్టోరేజీ ఇచ్చే సరుకు రసీదు) మీద లోను ఉంటే బ్యాంకు గేట్‌వేని క్లయింట్ సర్టిఫికెట్‌తో అడిగి బాకీ ఎంతో తెచ్చేది అదే.

అప్‌గ్రేడ్ తర్వాత వరసగా ఇవీ జరిగినవి. మొదట అపాచీ అసలు లేవలేదు: "కెనాట్ లోడ్ ... ఇంటూ సర్వర్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్". రాత్రి డ్యూటీ వాళ్లు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3కి 1.1 పేరుతో సింలింక్ (ఒక ఫైలుకి ఇంకో పేరు) పెట్టి చూస్తే ఎర్రర్ మారింది: "వెర్షన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0 నాట్ ఫౌండ్". సింలింక్ తీసేసి 20.04 నాటి లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 డెబ్ ప్యాకేజీని డీపీకేజీతో ఎక్కించాక అపాచీ లేచింది, కాన్ఫిగ్‌టెస్ట్ కూడా "సింటాక్స్ ఓకే" అంటోంది.

పేజీలన్నీ బాగానే వస్తున్నాయి. లోను ఉన్న బాండు తెరిస్తే మాత్రం బ్రౌజర్లో ఖాళీ, ఎర్రర్ లాగులో ఏహెచ్00052, చైల్డ్ పిడ్ ఎగ్జిట్ సిగ్నల్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ (11), అంటే తనది కాని మెమరీ ముట్టుకుని ప్రాసెస్ కూలిపోతోంది. లోను లేని బాండుకి ఏ ఇబ్బందీ లేదు. మాడ్యూల్ మీద ఎల్‌డీడీ (కావాల్సిన లైబ్రరీలు చూపే కమాండ్) ఇస్తే "నాట్ ఫౌండ్" ఒక్కటీ కనపడలేదు. ఇంకెక్కడ చూడాలి? సీజన్ కాబట్టి పగలు ఆపలేం. ఏం చేసినా రాత్రి 10 దాటాకే, లేదా యార్డుకి సెలవున్న రోజు.

బెంజిసర్కిల్_లినక్స్ (విజయవాడ):

పట్నంబజార్ గారూ, డెబ్ ఎక్కించాక అపాచీ లేచింది కదా అని ఆ అడుగు సరైనదే అనుకోవద్దు. మీకు వచ్చిన మూడు ఎర్రర్లూ మూడు వేరే సంగతులు చెబుతున్నాయి. విడివిడిగా చూస్తే దారి దొరుకుతుంది.

మొదటిది, ఫైలే లేదని. మాడ్యూల్ కట్టేటప్పుడు లింకర్ అందులో తనకి కావాల్సిన లైబ్రరీల ఎస్‌ఓనేమ్‌లు (వెర్షన్‌తో కూడిన పేర్లు) రాసి పెడుతుంది. మీ మాడ్యూల్‌లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1 అని ఉంది. 22.04 రిపాజిటరీలో ఆ ప్యాకేజీ లేదు. అప్‌గ్రేడ్ చివర్లో పాతబడ్డ ప్యాకేజీలు తీసేయమంటారా అని అడుగుతుంది, అక్కడ వై కొడితే ఉన్న పాతదీ పోతుంది. వెండర్ మాడ్యూల్ ఏపీటీ ద్వారా వచ్చింది కాదు కాబట్టి, ఏపీటీ లెక్కలో 1.1ని వాడేవాళ్లెవరూ లేరు.

రెండోది సింలింక్ వల్ల వచ్చింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ప్రతి ఫంక్షన్‌కీ వెర్షన్ ముద్ర ఉంటుంది. 1.1 వాటికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_0, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_1_1_1 అనీ, 3 వాటికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్_3.0.0 అనీ. ఫైలు పేరు మార్చినా ముద్ర మారదు కాబట్టి లోడర్ (ప్రాసెస్‌లోకి లైబ్రరీలు ఎక్కించేది) అక్కడే ఆపేసింది. అలా ఆపడం మీకు మేలే. ముద్ర లేని లైబ్రరీలకి ఇలాంటి సింలింక్ పెడితే ఎక్కినట్టే ఎక్కి, డేటా పాడు చేశాక బయటపడుతుంది.

మూడోది, ఇప్పుడు మీరు పడుతున్నది. ఎల్‌డీడీ చెప్పేది ఏ పేరుకి ఏ ఫైలు దొరికిందన్నంత వరకే. అపాచీ మాడ్యూళ్లన్నీ నడుస్తుండగా డీఎల్‌ఓపెన్‌తో ఎక్కుతాయి. ఒక మాడ్యూల్ మీద విడిగా ఎల్‌డీడీ ఇస్తే పక్క మాడ్యూల్ ఏం తెచ్చిందో కనపడదు. నడుస్తున్న ప్రాసెస్‌నే చూడాలి. పీగ్రెప్‌తో అపాచీ2 చైల్డ్ పిడ్ ఒకటి పట్టుకుని, సుడోతో /ప్రాక్/పిడ్/మ్యాప్స్ ఫైల్లో (ప్రాసెస్ ఎక్కించుకున్న ఫైళ్ల జాబితా) ఎస్‌ఎస్‌ఎల్, క్రిప్టో, కర్ల్ అనే మాటలకి గ్రెప్ కొట్టండి. తర్వాత రీడ్‌ఎల్ఫ్ -డి మాడ్యూల్ మీద ఇచ్చి నీడెడ్ (కావాల్సిన లైబ్రరీలు), ఆర్‌పాత్, రన్‌పాత్ (వాటిని వెతికే దారులు) వరసలు చూడండి. ఎల్‌డీడీకి ఉన్న ఇబ్బంది ఇంకోటి: అది ఫైలుని కొంతమేర నడిపించగలదు. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని బైనరీ మీద రీడ్‌ఎల్ఫ్ వాడటమే క్షేమం.

క్రాష్ ఎక్కడో చూడాలంటే కోర్ ఫైలు (కూలిన క్షణంలో ప్రాసెస్ మెమరీ కాపీ) కావాలి. ఉబుంటులో అపోర్ట్ మధ్యలో దూరి కోర్‌ని పట్టుకెళ్తుంది, అందుకని సిస్టమ్‌డీ-కోర్‌డంప్ ప్యాకేజీ వేసుకోండి. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ అపాచీ2లో సర్వీస్ విభాగం కింద లిమిట్‌కోర్=ఇన్ఫినిటీ. అపాచీ చైల్డ్‌లు రూట్ నుంచి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటాకి మారతాయి కాబట్టి కెర్నల్ వాటికి డంప్ ఇవ్వకపోవచ్చు. కాన్ఫిగ్‌లో కోర్‌డంప్‌డైరెక్టరీ అని ఆ యూజర్ రాయగలిగే ఫోల్డర్ ఒకటి ఇస్తే అపాచీ ఆ అనుమతిని తిరిగి తెరుస్తుంది. చాలామంది ఈ లైను మరిచిపోయి కోర్ రావట్లేదంటారు. రీస్టార్ట్ చేసి, లోను ఉన్న బాండు ఒకటి తెరిచి, కోర్‌డంప్‌సీటీఎల్ జీడీబీ అపాచీ2 కొట్టి బీటీ (బ్యాక్‌ట్రేస్, క్రాష్ దాకా వచ్చిన పిలుపుల వరస) చూడండి. పని అయ్యాక కోర్ ఫైళ్లు చెరిపేయండి, మీ టీఎల్‌ఎస్ ప్రైవేట్ కీ వాటిలో ఉంటుంది.

నా అనుమానం లిబ్‌కర్ల్ (వేరే సర్వర్లతో మాట్లాడే లైబ్రరీ) మీద. మ్యాప్స్, బీటీ రెండూ పెట్టండి, తేలుతుంది.

పట్నంబజార్_అడ్మిన్ (గుంటూరు):

తీశానండి. మ్యాప్స్‌లో ఒకే పిడ్ కింద ఇవి ఉన్నాయి:

లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3
లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.3
లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1
లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.1.1
లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4

రీడ్‌ఎల్ఫ్‌లో మాడ్యూల్‌కి నీడెడ్: లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1, లిబ్‌క్రిప్టో.ఎస్‌ఓ.1.1, లిబ్‌సీ.ఎస్‌ఓ.6. ఆర్‌పాత్, రన్‌పాత్ ఏవీ లేవు.

బీటీ పైనుంచి:

#0 ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్_యూజ్_సర్టిఫికెట్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1లో
#1 వెండర్ మాడ్యూల్ (పేర్లు తీసేసి ఉంది)
#2, #3 లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4
కింద కర్ల్_ఈజీ_పెర్ఫార్మ్, మళ్లీ వెండర్ మాడ్యూల్

బెంజిసర్కిల్_లినక్స్ (విజయవాడ):

దొరికింది. ఆ నాలుగు లైన్లలోనే కథంతా ఉంది.

నిజానికి ఒకే ప్రాసెస్‌లో 1.1, 3 రెండూ ఉన్నంత మాత్రాన క్రాష్ కావాలని లేదు. వెర్షన్ ముద్రలు వేరు కాబట్టి మాడ్_ఎస్‌ఎస్‌ఎల్ పిలుపులు 3కీ, వెండర్ పిలుపులు 1.1కీ ఎవరి దారిన వాళ్లవి పోతాయి. మీ మిగతా పేజీలు నడవడానికి కారణం అదే. ఒక వెర్షన్ తయారు చేసిన ఆబ్జెక్ట్‌ని ఇంకో వెర్షన్ చేతిలో పెట్టినప్పుడు పేలుతుంది.

లిబ్‌కర్ల్‌లో ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్_ఫంక్షన్ అని ఒక ఆప్షన్ ఉంది. కనెక్షన్ మొదలయ్యే ముందు లిబ్‌కర్ల్ తన ఎస్‌ఎస్‌ఎల్_సీటీఎక్స్‌ని (టీఎల్‌ఎస్ సెట్టింగులుండే ఆబ్జెక్ట్) మీ కాల్‌బ్యాక్‌కి ఇస్తుంది, మీరు అందులో క్లయింట్ సర్టిఫికెట్ ఎక్కించుకోవచ్చు. #2, #3 అదే చోటు. 20.04లో లిబ్‌కర్ల్ 7.68 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 మీద కట్టింది. 22.04లో 7.81 ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 మీద కట్టింది. రెంటి ఎస్‌ఓనేమ్ మాత్రం లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4 అనే ఒకే పేరు, అందుకే లోడర్ నోరెత్తలేదు. 3 తయారు చేసిన సీటీఎక్స్ వెండర్ కాల్‌బ్యాక్‌కి వచ్చింది, అది దాన్ని 1.1 ఫంక్షన్‌కి ఇచ్చింది. ఆ స్ట్రక్చర్ లోపలి అమరిక రెండు వెర్షన్లలో ఒకటి కాదు. ఒక స్టోరేజీ బాండు పట్టుకెళ్లి ఇంకో స్టోరేజీలో అదే అర నంబరు దగ్గర లాటు వెతికినట్టు, పాయింటర్ ఉండాల్సిన చోట ఇంకేదో ఉంది. లోను ఉన్న బాండుకే బ్యాంకు పిలుపు వెళ్తుంది కాబట్టి క్రాష్ కూడా దానికే.

అసలు మందు, వెండర్ 22.04 మీద, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 హెడర్లతో మళ్లీ కట్టి ఇవ్వడం. ఈ బీటీ, రీడ్‌ఎల్ఫ్ రెండూ వాళ్లకి పంపండి, వాదనకి తావుండదు. అపాచీ వెర్షన్ మారింది కాబట్టి మా తప్పు కాదంటే ఒప్పుకోవద్దు. 2.4 సిరీస్ అంతటా మాడ్యూల్ ఏబీఐ (బైనరీల మధ్య పొంతన) మేజర్ నంబరు ఒకటే, 20120211. 2.4.41కి కట్టింది 2.4.52లో ఎక్కడం న్యాయమే.

అప్పటిదాకా ఆ మాడ్యూల్‌ని వేరే ప్రాసెస్‌లోకి, దాని పాత లైబ్రరీలన్నిటితో సహా తరలించండి. 20.04 ఇమేజ్‌తో డాకర్ కంటైనర్, అందులో చిన్న అపాచీ, ఆ ఒక్క మాడ్యూల్. ఇలా:

డాకర్‌ఫైల్లో ఫ్రమ్ ఉబుంటు:20.04. డెబియన్_ఫ్రంటెండ్=నాన్‌ఇంటరాక్టివ్ పెట్టకపోతే టైమ్‌జోన్ ప్రశ్న దగ్గర బిల్డ్ ఆగిపోవచ్చు. అపాచీ2, లిబ్‌కర్ల్4, సీఏ-సర్టిఫికెట్స్ వేసి, మాడ్యూల్ .ఎస్‌ఓనీ దాని .లోడ్, .కాన్ఫ్‌లనీ కాపీ చేయండి. చివర కమాండ్ అపాచీ2సీటీఎల్ -డి ఫోర్‌గ్రౌండ్, ఆ డి పెద్ద అక్షరం. క్లయింట్ సర్టిఫికెట్, కీ ఇమేజ్‌లో పెట్టొద్దు, నడిపేటప్పుడు రీడ్-ఓన్లీ వాల్యూమ్‌గా ఇవ్వండి.

పోర్టు 127.0.0.1:8081:80 అనే రాయండి, ఉత్త 8081:80 వద్దు. డాకర్ తెరిచిన పోర్టులకి యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) రూల్స్ అడ్డుపడవు. యూఎఫ్‌డబ్ల్యూ ఆన్‌లో ఉంది కదా అనుకుంటే పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న అపాచీ నేరుగా ఇంటర్నెట్‌కి కనపడుతుంది. రీస్టార్ట్ పాలసీ అన్‌లెస్-స్టాప్డ్, కరెంటు పోయి వచ్చినా దానంతటదే లేస్తుంది.

బయటి అపాచీలో ప్రాక్సీ, ప్రాక్సీ_హెచ్‌టీటీపీ, హెడర్స్ మాడ్యూళ్లు ఏ2ఎన్‌మాడ్‌తో ఎనేబుల్ చేసి, లోను పాత్ ఒక్కటే ప్రాక్సీపాస్, ప్రాక్సీపాస్‌రివర్స్‌తో 8081కి పంపండి. ప్రాక్సీప్రిజర్వ్‌హోస్ట్ ఆన్. ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ హెచ్‌టీటీపీఎస్ అని సెట్ చేయండి, లేకపోతే మాడ్యూల్ ఇచ్చే రీడైరెక్టులు హెచ్‌టీటీపీకి పోతాయి. బ్యాంకు వాళ్లు మీ ఐపీని వైట్‌లిస్ట్ చేసి ఉంటే భయం అక్కర్లేదు, కంటైనర్ బయటికి వెళ్లేది హోస్ట్ ఐపీతోనే.

తర్వాత హోస్ట్‌లో వెండర్ మాడ్యూల్‌ని ఏ2డిస్‌మాడ్‌తో తీసేయండి. ఏపీటీ-గెట్ -ఎస్ పర్జ్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్1.1 అని ముందు ఉత్తుత్తిగా నడిపి ఏమేం పోతాయో చూసి, ఇంకేదీ పోకపోతేనే నిజంగా తీయండి. రీస్టార్ట్ చేశాక మ్యాప్స్‌లో 1.1 అనే మాటే కనపడకూడదు.

బ్రాడీపేట_డెవ్ (గుంటూరు):

ఒక్క మాడ్యూల్ కోసం డాకర్ ఎందుకండీ? 20.04 నాటి లిబ్‌కర్ల్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్, లిబ్‌క్రిప్టో మూడూ /ఆప్ట్ కింద ఒక ఫోల్డర్లో పెట్టి, ప్యాచ్‌ఎల్ఫ్ --సెట్-ఆర్‌పాత్‌తో మాడ్యూల్‌కి ఆ దారి చూపిస్తే సరిపోదా?

బెంజిసర్కిల్_లినక్స్ (విజయవాడ):

కొన్నిచోట్ల సరిపోతుంది, ఇక్కడ మూడు అడ్డంకులున్నాయి.

ప్యాచ్‌ఎల్ఫ్ మామూలుగా రాసేది రన్‌పాత్. అది ఆ ఫైలు నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది, వాటి కింద ఉన్నవాటికి కాదు. మాడ్యూల్ అడిగిన లిబ్‌కర్ల్ మీ /ఆప్ట్ ఫోల్డర్ నుంచే వస్తుంది. కానీ ఆ లిబ్‌కర్ల్ తనకి కావాల్సినవాటిని తన రన్‌పాత్‌లో వెతుకుతుంది, అది ఖాళీ. ఫోల్డర్లో ఉన్న ప్రతి .ఎస్‌ఓకీ విడిగా రన్‌పాత్ పెట్టాలి, లేదా --ఫోర్స్-ఆర్‌పాత్ ఇచ్చి పాత తరహా ఆర్‌పాత్ రాయించాలి. ఆర్‌పాత్ అయితే కింది లైబ్రరీలకీ పనిచేస్తుంది.

రెండోది, ఒక ప్రాసెస్‌లో ఒక ఎస్‌ఓనేమ్ ఒకసారి ఎక్కితే, అదే పేరు మళ్లీ అడిగినవాళ్లకి లోడర్ ఎక్కి ఉన్నదాన్నే ఇస్తుంది. దారి వెతకదు కూడా. మాడ్_ఎండీ లాంటిది ముందే కొత్త లిబ్‌కర్ల్.ఎస్‌ఓ.4ని తెచ్చి ఉంటే మీ ఆర్‌పాత్ దండగ. అపాచీ మోడ్స్-ఎనేబుల్డ్‌లోని .లోడ్ ఫైళ్లని అక్షర క్రమంలో చదువుతుంది, అంటే ఏది ముందు ఎక్కుతుందన్నది ఫైలు పేరు మీద ఆధారపడుతుంది. ఇవాళ పనిచేసి, రేపు ఎవరో ఇంకో మాడ్యూల్ ఎనేబుల్ చేయగానే చెడుతుంది.

మూడోది, 20.04 లిబ్‌కర్ల్ వెనకాల పెద్ద తోక ఉంది. అది ఎల్‌డ్యాప్ 2.4ని అడుగుతుంది, 22.04లో ఉన్నది 2.5. ఒకటి తెస్తే ఇంకోటి తేవాలి. ఆ ఫోల్డర్‌కి ఏపీటీ ప్యాచ్‌లు రావు. నా దృష్టిలో ఇలాంటి గొలుసు రెండు లైబ్రరీలు దాటిందంటే కంటైనరే తేలిక.

ఆటోనగర్_సిస్‌అడ్మిన్ (విజయవాడ):

పట్నంబజార్ గారు, ఇంకో చోటు కూడా చూసుకోండి: /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్. పాత సర్వర్లలో ఎవరో ఒకరు ఎప్పుడో సోర్సు నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కట్టి మేక్ ఇన్‌స్టాల్ కొట్టి ఉంటారు. ఉబుంటులో ఆ ఫోల్డర్ లోడర్ వెతికే వరసలో సిస్టమ్ ఫోల్డర్ కంటే ముందుంటుంది. ఏపీటీ ఎన్ని ప్యాచ్‌లు వేసినా ప్రాసెస్ ఎక్కించుకునేది అక్కడున్న పాతదాన్నే.

ఎల్‌డీకాన్ఫిగ్ -పి కొట్టి ఎస్‌ఎస్‌ఎల్‌కి గ్రెప్ చేయండి. ఒకే పేరు రెండుసార్లు కనపడితే పైన ఉన్నదే గెలుస్తుంది. ఆ దారిని డీపీకేజీ -ఎస్‌కి ఇవ్వండి (ఎస్ పెద్ద అక్షరం). దారి /యూఎస్‌ఆర్/లోకల్ కింద ఉండి, ఏ ప్యాకేజీదీ కాదంటే చేత్తో కట్టిందే. ఆ ఫైళ్లని వేరే ఫోల్డర్‌కి ఎంవీతో జరిపి, ఎల్‌డీకాన్ఫిగ్ మళ్లీ నడిపి, సర్వీసులు రీస్టార్ట్ చేయండి. నడుస్తున్న లైబ్రరీ మీద సీపీతో వేరే ఫైలు మాత్రం రాయొద్దు. సీపీ అదే ఐనోడ్‌లో (పేరు వెనకున్న అసలు ఫైలు) రాస్తుంది, దాన్ని మ్యాప్ చేసుకున్న ప్రాసెస్‌లు అప్పటికప్పుడు కూలిపోవచ్చు. ఎంవీ అయితే పేరే మారుతుంది, పాత ఐనోడ్ వాడేవాళ్లకి అలాగే ఉంటుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 సిరీస్‌ని 64 బిట్ మెషీన్ మీద సోర్సు నుంచి కడితే అది లిబ్‌లోకి కాదు, లిబ్64లోకి వెళ్తుంది. ఆ ఫోల్డర్ ఉబుంటు లోడర్ చూడదు. ఫలితం తిరకాసుగా ఉంటుంది: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్ కొత్తది, అది ఎక్కించుకునే లైబ్రరీ సిస్టమ్‌ది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వెర్షన్ కొడితే మొదట కమాండ్ వెర్షన్, బ్రాకెట్లో లైబ్రరీ వెర్షన్ వస్తాయి, రెండూ ఒకటి కాకపోతే ఇదే. ఎన్‌జిన్‌ఎక్స్ (ఇంకో వెబ్ సర్వర్)లో పెద్ద అక్షరం వితో అడిగితే "బిల్ట్ విత్" పక్కన "రన్నింగ్ విత్" అని రెండోది కనపడుతుంది.

ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ గురించి: షెల్లో పనిచేసింది, సర్వీసుగా పనిచేయలేదంటే మూడు కారణాలు. సిస్టమ్‌డీ మీ .బ్యాష్‌ఆర్‌సీ చదవదు. సుడో ఆ వేరియబుల్‌ని తీసేస్తుంది. ఇక 443 పోర్టు కోసం బైనరీకి సెట్‌క్యాప్‌తో ప్రత్యేక అనుమతి ఇచ్చి ఉంటే లోడర్ భద్రత కోసం దాన్ని పట్టించుకోదు. ఈ మూడోది వెతకడానికి చాలా టైం తింటుంది, ఎందుకంటే ఎర్రర్లో ఎక్కడా ఆ మాట ఉండదు. సెట్‌క్యాప్ తీసేసి యూనిట్ ఫైల్లో యాంబియంట్‌కేపబిలిటీస్ వాడితే ఆ అడ్డు ఉండదు.

తాడేపల్లి_వెబ్:

ఇదే తరహా ప్రశ్న ఒకటి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 మీద కట్టిన ఎన్‌జిన్‌ఎక్స్ మాడ్యూల్‌ని 22.04 సర్వర్‌కి పంపితే "వెర్షన్ జీలిబ్‌సీ_2.38 నాట్ ఫౌండ్" వస్తోంది. 24.04 నుంచి లిబ్‌సీ.ఎస్‌ఓ.6 కాపీ చేస్తే?

ఆటోనగర్_సిస్‌అడ్మిన్ (విజయవాడ):

వద్దు. లిబ్‌సీ, లోడర్ రెండూ జంటగా ఉండాలి. ఒకటే మారిస్తే ఎల్‌ఎస్, సీపీ, సుడో ఏవీ నడవవు. ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ తెరిచి ఉన్నా దాన్ని సరిచేయడానికి కమాండ్ ఉండదు, రెస్క్యూ మోడ్‌లో బూట్ చేసి బాగుచేయాల్సి వస్తుంది.

22.04లో జీలిబ్‌సీ (లిబ్‌సీ.ఎస్‌ఓ.6 దానిదే) 2.35, 24.04లో 2.39. పాత జీలిబ్‌సీ మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద మాత్రం కుదరదు. స్ట్ర్‌టోల్ లాంటి మామూలు ఫంక్షన్ వాడినా 24.04 జీలిబ్‌సీ హెడర్లు దాన్ని 2.38లో వచ్చిన కొత్త పేరుకి మళ్లించవచ్చు, అప్పుడు కోడ్ మార్చకపోయినా అడిగే వెర్షన్ పెరుగుతుంది. సర్వర్ ఏ వెర్షనో ఆ ఇమేజ్ కంటైనర్లోనే కట్టండి. సర్వర్లో ఉన్న ఎన్‌జిన్‌ఎక్స్ వెర్షన్ సోర్సే తీసుకుని, కాన్ఫిగర్‌లో --విత్-కంపాట్ ఇవ్వండి. లేకపోతే జీలిబ్‌సీ గొడవ తీరగానే "ఈజ్ నాట్ బైనరీ కంపాటిబుల్" అని ఇంకోటి ఎదురవుతుంది.

పట్నంబజార్_అడ్మిన్ (గుంటూరు):

కంటైనర్ రాత్రి పెట్టామండి. లోను బాండ్లు వస్తున్నాయి, హోస్ట్ మ్యాప్స్‌లో 1.1 లేదు. /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్ ఖాళీగానే ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. కంటైనర్ యాక్సెస్ లాగులో అన్ని రిక్వెస్టులూ 172.17.0.1 నుంచే వచ్చినట్టు పడుతున్నాయి, ఆడిట్‌కి రైతు సేవా కౌంటర్ల ఐపీలు కావాలి. రెండోది, వెండర్ కొత్త బిల్డ్ ఇస్తామన్నారు, అది వచ్చినప్పుడు ఏం పరీక్షించాలి?

బెంజిసర్కిల్_లినక్స్ (విజయవాడ):

172.17.0.1 డాకర్ బ్రిడ్జి చిరునామా. కంటైనర్ అపాచీలో రిమోట్‌ఐపీ మాడ్యూల్ ఎనేబుల్ చేసి, రిమోట్‌ఐపీహెడర్ ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, రిమోట్‌ఐపీఇంటర్నల్‌ప్రాక్సీ 172.17.0.1 పెట్టండి. లాగ్‌ఫార్మాట్‌లో క్లయింట్ ఐపీ కోసం చిన్న హెచ్ బదులు చిన్న ఏ వాడండి.

కొత్త బిల్డ్ రాగానే ఎక్కించే ముందు రీడ్‌ఎల్ఫ్ -డి. నీడెడ్‌లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 ఉండాలి, 1.1 ఉండకూడదు. అసలు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ పేరే లేకపోతే సంతోషించొద్దు. ఎన్‌ఎం -డి కొట్టి (డి పెద్ద అక్షరం) ఎస్‌ఎస్‌ఎల్_ తో మొదలయ్యే పేర్ల పక్కన యూ (బయటి లైబ్రరీ నుంచి రావాల్సింది) అని ఉండి, వెర్షన్ ముద్ర లేదనుకోండి, వాళ్లు లింక్ చేయకుండా మాడ్_ఎస్‌ఎస్‌ఎల్ తెచ్చినదాని మీద ఆధారపడుతున్నారని అర్థం. అపాచీ మాడ్యూళ్లని గ్లోబల్‌గా ఎక్కిస్తుంది కాబట్టి అది అనుకోకుండా నడుస్తుంది, మాడ్_ఎస్‌ఎస్‌ఎల్ తీసిన రోజు ఆగుతుంది. వెనక్కి పంపండి. ఇంకో గుర్తు: "అన్‌డిఫైన్డ్ సింబల్: ఎస్‌ఎస్‌ఎల్_గెట్_పీర్_సర్టిఫికెట్" అని వస్తే పాత హెడర్లతోనే కట్టారు. 3లో ఆ పేరు మ్యాక్రో మాత్రమే, లైబ్రరీలో లేదు.

ఇవి దాటాక రెండు ఎర్రర్లు రావచ్చు, అవి లైబ్రరీ గొడవలు కావు, 3 కట్టుదిట్టం చేసిన నియమాలు. క్లయింట్ సర్టిఫికెట్ పాత .పీఎఫ్‌ఎక్స్ ఫైలైతే, లోపల ఆర్‌సీ2తో మూసి ఉంటే 3 దాన్ని తెరవదు, "అన్‌సపోర్టెడ్" అంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పీకేసీఎస్12 కమాండ్‌కి -లెగసీ ఇచ్చి ఒకసారి పెమ్‌గా మార్చుకోండి. బ్యాంకు వైపు పరికరం పాతదైతే "అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ డిసేబుల్డ్" వస్తుంది. దానికి సర్వర్ మొత్తం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.సీఎన్‌ఎఫ్ సడలించకండి, బ్యాంకు వాళ్లనే సరిచేయమనండి. కుదరదంటే ఆ ఒక్క కనెక్షన్‌కే మాడ్యూల్‌లో ఆప్షన్ పెట్టించండి.

కంటైనర్ లోపల ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1. దానికి అసలు ప్రాజెక్టు నుంచి మద్దతు 2023 సెప్టెంబరు 11న ఆగిపోయింది. 20.04 ఇమేజ్‌కి ప్యాచ్‌లు రావాలంటే ఉబుంటు ప్రో ఈఎస్‌ఎం (పొడిగించిన సెక్యూరిటీ సపోర్టు) జోడించాలి. వెండర్‌కి తేదీ పెట్టి రాయించుకోండి, కంటైనర్ ఉంది కదా అని వాళ్లు తీరిగ్గా కూర్చోకుండా.

ఇక హోస్ట్‌లో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3కి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అపాచీని రీలోడ్ కాదు, రీస్టార్టే చేయండి. /ప్రాక్ కింద మ్యాప్స్ ఫైళ్లలో "డిలీటెడ్" అని ఎస్‌ఎస్‌ఎల్ పక్కన కనపడితే ఆ ప్రాసెస్ ఇంకా ప్యాచ్ కాని పాత ఫైలుతోనే నడుస్తోంది. 22.04 సర్వర్లో నీడ్‌రీస్టార్ట్ ఆ జాబితా తనే చూపిస్తుంది. కంటైనర్ లోపలివాటిని మాత్రం దానికి వదిలేయకండి, ఇమేజ్ మళ్లీ బిల్డ్ చేసి మార్చాల్సిందే.